పట్టుపురుగు రోగాల చరిత్ర: ఆలెస్ నుండి హిందూపురం వరకు

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టును, ధర్మవరం మగ్గాల వీధులను, పెనుకొండ చుట్టుపట్ల మల్బరీ తోటలను ఎరిగినవారికి పట్టు అంటే ముందుగా జీవనోపాధి గుర్తుకు వస్తుంది. అది సహజమే. అయితే వైద్యవిద్యార్థికి పట్టుపురుగు మరొక కారణం చేత గౌరవనీయమైనది. రోగం దేనివల్ల కలుగుతుంది, ఒక ప్రాణి నుండి మరొక ప్రాణికి ఎట్లా సోకుతుంది, దానిని ఎక్కడ అడ్డగించవచ్చు అన్న ప్రశ్నలకు మానవజాతికి లభించిన తొలి గట్టి సమాధానాలలో కొన్ని ఈ చిన్న పురుగు శరీరం నుండే వచ్చాయి. ఆ చరిత్ర ఇటలీలో మొదలై, ఫ్రాన్సు మీదుగా, జపాను మీదుగా సాగి, ఇటీవలి అధ్యాయంలో మన హిందూపురం పక్కనున్న కిరికెరను చేరింది. మన ఊరి పేరు ప్రపంచ జీవశాస్త్ర చరిత్రలో ఎందుకు నమోదయిందో మన పిల్లలకు తెలియాలన్న ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నాలుగు జ్వరాల ప్రాణి

పట్టుపురుగు గుడ్డు నుండి వెలువడి గూడు అల్లే వరకు పట్టే కాలం సుమారు నాలుగు వారాలు. ఈ స్వల్పకాలంలో దాని బరువు దాదాపు పదివేల రెట్లు పెరుగుతుంది. పెరిగే శరీరానికి పాత చర్మం చాలదు కనుక అది నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. ఆ సమయంలో ఆకు ముట్టక, తల ఎత్తి, కదలక ఉంటుంది. మన రైతులు దీనినే జ్వరం అంటారు. పేరుకు జ్వరమే గాని అది వ్యాధి కాదు. ఎదుగుదలలో ఒక మజిలీ.

చివరి దశలో దాని కడుపు నిండా రెండు పట్టు గ్రంథులు నిండి ఉంటాయి. జీవకణ శాస్త్రానికి ఇంతకంటె మంచి పాఠ్యగ్రంథం దొరకదు. ఈ గ్రంథిలోని కణాలు సంఖ్యలో పెరగవు, పరిమాణంలో పెరుగుతాయి. కణం విభజన చెందకుండానే తనలోని డీఎన్‌ఏను మళ్ళీ మళ్ళీ ప్రతులు తీసుకుంటుంది. వెనుక గ్రంథిలోని ఒక్కొక్క కణంలో ఆ ప్రతులు లక్షలకు చేరుతాయి. అంత సన్నాహమూ ప్రధానంగా ఫైబ్రోయిన్ అనే ప్రోటీనును తయారుచేయడానికే. ఒకే ప్రోటీనును అంత పెద్దమొత్తంలో తయారుచేస్తుంది గనుకనే, 1972లో అమెరికాలోని బాల్టిమోరులో యోషియాకి సుజుకి, డోనాల్డ్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞులు ఈ గ్రంథి నుండి ఫైబ్రోయిన్ సందేశవాహక ఆర్‌ఎన్‌ఏను శుద్ధిగా వేరుచేయగలిగారు. ఉన్నతజీవుల కణాల నుండి అట్లా వేరుచేసిన మొట్టమొదటి సందేశవాహక ఆర్‌ఎన్‌ఏలలో అది ఒకటి.

ఇంతటి శ్రమజీవి రోగానికి మాత్రం చాలా సులువుగా లొంగిపోతుంది. వేల సంవత్సరాలుగా మనిషి పోషణలో ఉండి అది ఎగరడం మరచింది, ఆహారం వెదకుకోవడం మరచింది. ఒక్క గదిలో వేల పురుగులు ఒకదానినొకటి ఒరసుకుంటూ పెరుగుతాయి. అందువల్ల ఒక్క పురుగుకు సోకిన వ్యాధి తట్టంతా పాకడానికి ఎంతో కాలం పట్టదు. పైగా రోగం తరచుగా బయటపడేది చివరి వారంలో. అప్పటికి గుడ్లకు పెట్టిన డబ్బు, తోటలోని ఆకు, ఇంటిల్లిపాది శ్రమ అన్నీ ఖర్చయిపోయి ఉంటాయి. చంద్రికల మీదికి ఎక్కవలసిన పురుగులను గోతిలో పూడ్చవలసి వచ్చిన రైతు నష్టం ఎటువంటిదో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు.

తెల్లని బూజు చెప్పిన రహస్యం

పూర్వం ఇటువంటి నష్టాలకు దిష్టి తగిలిందనో, చెడుగాలి సోకిందనో, ఋతువు వికటించిందనో కారణాలు చెప్పుకొనేవారు. ఐరోపా పండితులు కూడా ఇందుకు భిన్నంగా ఆలోచించలేదు. రోగం పురుగులో దానంతట అదే పుడుతుందని వారి విశ్వాసం.

ఇటలీలోని లోడి ప్రాంతానికి చెందిన అగొస్తీనో బస్సీ న్యాయశాస్త్రం చదివినవాడు. కంటిచూపు దెబ్బతినడంతో ఉద్యోగం విడిచి, వ్యవసాయం వైపు మళ్ళాడు. ఆ కాలంలో పట్టుపురుగులు చనిపోయి, గట్టిపడి, సున్నం పూసినట్లు తెల్లగా మారే రోగం ఒకటి అక్కడి రైతులను పీడిస్తుండేది. 1807 ప్రాంతంలో దానిని పరిశీలించడం మొదలుపెట్టిన బస్సీ, దాదాపు పాతికేళ్లకు పైగా ప్రయోగాలు చేసి, 1835లో తన నిర్ణయాన్ని ప్రకటించాడు. ఆ తెల్లని పొడి ఒక సజీవమైన బూజు. అది ఒక పురుగు నుండి మరొక పురుగుకు సోకుతుంది. పనివారి చేతుల ద్వారా, పనిముట్ల ద్వారా, గాలి ద్వారా వ్యాపిస్తుంది. శుభ్రత పాటిస్తే ఆగుతుంది. ఒక సూక్ష్మజీవి ఒక ప్రాణిలో ఒక నిర్దిష్టమైన వ్యాధిని కలుగజేస్తుందని ప్రయోగపూర్వకంగా నిరూపించిన మొదటి సందర్భాలలో ఇది ఒకటి. పాశ్చర్, కాక్ పేర్లు వినబడడానికి చాలా ముందటి మాట ఇది. ఆ బూజుకు ఆయన పేరు మీదుగానే బ్యూవేరియా బాసియానా అని నామకరణం జరిగింది.

పాశ్చర్: తల్లిని పరీక్షించు

1853లో ఫ్రాన్సులో పట్టుగూళ్ల దిగుబడి దాదాపు 2 కోట్ల 60 లక్షల కిలోలు. 1865 నాటికి అది 40 లక్షల కిలోలకు పడిపోయింది. కారణం పెబ్రిన్ అనే వ్యాధి. పురుగు ఒంటిమీద మిరియాల పొడి చల్లినట్లు నల్లని మచ్చలు కనబడేవి. దీనికి విరుగుడు కనుక్కోమని లూయీ పాశ్చర్‌ను ఆయన గురువు, రసాయన శాస్త్రవేత్త ద్యూమా కోరాడు. అంతవరకు పాశ్చర్ పట్టుపురుగును చేత్తో తాకి ఎరుగడు. అయినా 1865లో దక్షిణ ఫ్రాన్సులోని ఆలెస్ పట్టణానికి వెళ్ళాడు.

అక్కడ గడిపిన సంవత్సరాలు ఆయనకు తీరని దుఃఖాలను మిగిల్చాయి. ఆ కాలంలోనే ఇద్దరు కుమార్తెలను కోల్పోయాడు. 1868లో పక్షవాతం వచ్చి శరీరంలో ఒకవైపు చచ్చుబడింది. అయినప్పటికీ పని విడువలేదు. 1870లో తన పరిశోధన ఫలితాలను రెండు సంపుటాలుగా వెలువరించాడు.

ఆయన కనుగొన్న ఉపాయం చాలా సరళమైనది. తల్లి చిలుక గుడ్లు పెట్టిన తరువాత దానిని నీటిచుక్కలో నూరి సూక్ష్మదర్శిని కింద చూడాలి. మెరిసే కోడిగుడ్డు ఆకారపు రేణువులు కనబడితే ఆ గుడ్లను తగులబెట్టాలి. కనబడకపోతే విత్తనానికి ఉంచాలి. వ్యాధి తల్లి నుండి గుడ్డులోకి సంక్రమిస్తుందని గ్రహించడమే ఇందులోని కీలకం. నేడు గర్భిణీ స్త్రీకి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు చేయించమని వైద్యులు పట్టుబట్టడంలో ఉన్న తర్కం సరిగ్గా ఇదే.

మన ప్రాంతపు రైతు కొనే రోగరహిత గుడ్ల వెనుక ఉన్నది పాశ్చర్ పద్ధతే. గుడ్ల ఉత్పత్తి కేంద్రాలలో ఈనాటికీ తల్లి చిలుకలను నూరి సూక్ష్మదర్శినిలో చూస్తూనే ఉన్నారు. నూటయాభై సంవత్సరాలుగా విడువక ఆచరింపబడుతున్న ప్రయోగశాల పరీక్షలు వైద్యలోకంలో కూడా అరుదు.

పాల రోగం: తల్లిని పరీక్షిస్తే సరిపోని వ్యాధి

అయితే మన ప్రాంతంలో ఎక్కువ నష్టం కలిగించే వ్యాధులలో ఒకటి పాశ్చర్ పద్ధతికి పూర్తిగా లొంగలేదు. అది గ్రాసరీ, అనగా పాల రోగం. ఈ రోగం సోకిన పురుగు చర్మం కణుపుల వద్ద ఉబ్బుతుంది. పురుగు ఒకచోట నిలువక తట్ట అంచుల వెంట తిరుగాడుతుంది. చివరికి చర్మం చిట్లి పాలవంటి ద్రవం కారుతుంది. ఆ ఒక్క చుక్కలో లెక్కలేనన్ని వైరస్ స్ఫటికాలు ఉంటాయి.

దీనికి కారణం బాక్యులోవైరస్ జాతికి చెందిన ఒక వైరస్. ఇది బయటి ప్రపంచంలో ఒంటరిగా తిరగదు. అనేక వైరస్ కణాలు కలసి ఒక ప్రోటీను స్ఫటికంలో భద్రంగా దాగి ఉంటాయి. ఆ కవచం చలికి, మట్టికి చలించక చాలాకాలం నిలుస్తుంది. పట్టుపురుగు ఆహారనాళం తీవ్రమైన క్షారగుణం కలది. మన జీర్ణాశయం ఆమ్లగుణం కలది కాగా, పురుగుది అందుకు వ్యతిరేకం. ఆకుతోపాటు లోపలికి వెళ్ళిన స్ఫటికం ఆ క్షారంలో కరగి వైరస్‌ను విడుదల చేస్తుంది. వైరస్ కణకేంద్రకంలోకి ప్రవేశించి, కణాన్ని తన కర్మాగారంగా మార్చుకుంటుంది. కణాలు పగిలి, స్ఫటికాలు రక్తంలో నిండి, రక్తం పాలవలె తెల్లబడుతుంది.

ఈ వైరస్ మనుషులకు సోకదు. రోగం వచ్చిన పురుగులను ముట్టుకున్నందువల్ల ఇంట్లోవారికి ఏదైనా జబ్బు వస్తుందేమోనన్న భయం అనవసరం. కాని పురుగులకు మాత్రం ఒకసారి సోకితే మందు లేదు. నివారణ ఒక్కటే మార్గం: గదిని, తట్టలను శుద్ధి చేయడం, సున్నం చల్లడం, రోగపు పురుగులను ఏరివేయడం. స్ఫటికాన్ని కరగించేది క్షారమే కనుక సున్నం వాడకం వెనుక రసాయనశాస్త్రపు హేతువు ఉన్నది.

జాకార్డు అట్టను చించివేయడం

ధర్మవరంలో మగ్గం ఎరిగినవారికి ఈ తరువాతి విషయం సులభంగా బోధపడుతుంది. చీర అంచు మీది నమూనా ముందు గ్రాఫు కాగితం మీద ఉంటుంది. కాని మగ్గం ఆ కాగితాన్ని చదువదు. దానిని అనుసరించి రంధ్రాలు చేసిన అట్టలను చదువుతుంది. అట్ట చిరిగిపోతే కాగితం పెట్టెలో భద్రంగా ఉన్నా అంచు మీద హంస నేయబడదు. కణంలో డీఎన్‌ఏ ఆ కాగితం వంటిది, సందేశవాహక ఆర్‌ఎన్‌ఏ అట్ట వంటిది, ప్రోటీను నేసిన అంచు వంటిది.

1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక సూక్ష్మమైన నులిపురుగులో విచిత్రమైన సంగతి కనుగొన్నారు. ఒక జన్యువు సందేశానికి సరిపోలే రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను కణంలో ప్రవేశపెడితే, కణం దానిని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఆ ముక్కలను ఆనవాలుగా పట్టుకొని, అదే వరుస గల సందేశాలను వెదకి ఛేదిస్తుంది. దీనికి ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫెరెన్స్ అని పేరు. 2006లో వీరికి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

వైరస్ కూడా తన ప్రోటీన్లను అట్టల ద్వారానే నేయించుకోవాలి. ఆ అట్టలను ముందుగానే గుర్తుపట్టి చించివేసే శక్తిని పట్టుపురుగుకే ఇవ్వగలిగితే? ఈ ప్రశ్న నుండే మన ప్రాంతపు అధ్యాయం మొదలైంది.

హైదరాబాదు, లియాన్, కిరికెర

హైదరాబాదులోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రంలో జె. నాగరాజు అనే శాస్త్రవేత్త పట్టుపురుగు జన్యుశాస్త్రాన్ని తన జీవితకృషిగా చేసుకున్నారు. పట్టుపురుగు జాతుల డీఎన్‌ఏను పోల్చి, వాటి బంధుత్వాలను నిర్ణయించే పనిలో దేశంలో ఆయన ముందువరుసలో నిలిచారు. 2000లో జపాను శాస్త్రజ్ఞుడు తమురా బృందం పట్టుపురుగు జన్యుసంపదలో కొత్త జన్యువును స్థిరంగా చేర్చే పద్ధతిని సాధించడంతో ఒక ద్వారం తెరచుకున్నది. పట్టుపురుగు పరిశోధనలో పేరున్న ఫ్రాన్సులోని లియాన్ శాస్త్రజ్ఞులతో నాగరాజు చేతులు కలిపారు. పురుగుల పోషణ, పరీక్షలలో అనుభవం గల హిందూపురం సంస్థ వారికి తోడైంది.

కిరికెరలోని ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ అప్పటికే మన ఎండలకు తట్టుకొనే సంకరజాతుల పెంపకంలో కృషి చేస్తున్నది. స్వర్ణాంధ్ర అనే సంకరం ఆ సంస్థలో రూపొందినదే. మల్బరీ తోట, పెంపకపు గది, ప్రయోగశాల ఒకే ఆవరణలో ఉన్న చోటు ఇటువంటి పనికి అత్యవసరం. కణంలో సాధించిన విజయం తట్టలో నిలుస్తుందా లేదా అన్నది అక్కడే తేలాలి.

2007లో వెలువడిన మొదటి పరిశోధనాపత్రంలో వారు వైరస్ యొక్క ఒక్క జన్యువును లక్ష్యంగా ఎంచుకున్నారు. కణంలో ప్రవేశించగానే వైరస్ మొట్టమొదట పనిచేయించే జన్యువులలో ఒకటైన దానికి ఐఈ-1 అని పేరు. ముందు ప్రయోగశాలలో పెంచిన కీటక కణాలలో, తరువాత జన్యుమార్పిడి చేసిన పట్టుపురుగులలో, ఆ జన్యువు సందేశాన్ని ఛేదిస్తే వైరస్‌కు అడ్డుకట్ట పడుతుందని చూపారు.

అయితే ఒక్క తాళం వేసిన తలుపును దొంగ ఏదో ఒకనాడు తెరవగలడు. వైరస్‌లు మారుతూ ఉంటాయి. ఒక్క జన్యువులో మార్పు వస్తే రక్షణ వమ్మవుతుంది. క్షయరోగికి ఒక్క మందు కాక నాలుగు మందులు కలిపి ఇవ్వడానికి కారణం ఇదే. తరువాతి దశలో వారు ఒకేసారి నాలుగు వైరస్ జన్యువులను లక్ష్యంగా చేశారు. వైరస్ తినిపించి పరీక్షించినప్పుడు ఈ పురుగులు సాధారణ పురుగులకంటె ఎంతో ఎక్కువగా బ్రతికి గూళ్లు అల్లాయి. సంకరం చేసి ఆ రక్షణగుణాన్ని ఎక్కువ పట్టునిచ్చే జాతికి సంక్రమింపజేయవచ్చునని కూడా వారు నిరూపించారు. ఈ ఫలితాలు జెనెటిక్స్ అనే అంతర్జాతీయ పత్రిక 2013 జనవరి సంచికలో వెలువడ్డాయి. హిందూపురం సంస్థ శాస్త్రజ్ఞులు ఆ పత్రానికి సహరచయితలు. దానికి కొద్దిగా ముందు, 2012 డిసెంబరు 31న, నాగరాజు కన్నుమూశారు.

ఇందులోని కాలక్రమాన్ని పాఠకులు గమనించాలి. ఇదే సూత్రం మీద పనిచేసే మొదటి మానవ ఔషధం పాటిసిరాన్‌కు అమెరికాలో అనుమతి లభించినది 2018లో. కొలెస్టరాల్ తగ్గించడానికి ఆరునెలలకు ఒకసారి ఇచ్చే ఇన్‌క్లిసిరాన్ సూదిమందు కూడా ఈ కోవలోనిదే. ఆసుపత్రిలో ఈ సూత్రం ఔషధంగా మారడానికి పదేళ్లకు పైగా ముందే మన పురుగు దానిని తన ఒంట్లో మోసి చూపింది.

శత్రువే సేవకుడైన వైనం

పట్టును నాశనం చేసే బాక్యులోవైరస్ కుటుంబమే నేడు మనకు టీకాలు తయారుచేసి పెడుతున్నది. స్ఫటికపు ప్రోటీనును అంత భారీగా తయారుచేయించే దాని నైపుణ్యాన్ని చూసి, ఆ జన్యువు స్థానంలో మనకు కావలసిన జన్యువును ఉంచితే ఆ ప్రోటీనే తయారవుతుంది కదా అని శాస్త్రజ్ఞులు ఆలోచించారు. 1983లో అమెరికాలో కీటక కణాలలోను, 1985లో జపానులో సాక్షాత్తు పట్టుపురుగులలోను మానవ ఇంటర్‌ఫెరాన్‌ను ఈ విధంగా తయారుచేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే సర్వారిక్స్ టీకా ఈ పద్ధతిలోనిదే. పూనాలో తయారై 2021 డిసెంబరులో మన దేశంలో అనుమతి పొందిన కోవోవాక్స్ కోవిడ్ టీకా కూడా ఇట్టిదే.

పట్టుపురుగు పేరు చెప్పి వచ్చిన ప్రతిదీ మేలైనదని మాత్రం అనుకోరాదు. పన్ను తీయించుకున్న తరువాత వాపు తగ్గుతుందని చాలామందికి వ్రాసే సెర్రాషియోపెప్టిడేజ్ మాత్ర, పట్టుపురుగు పేగులోని బ్యాక్టీరియా నుండి జపానులో వేరుచేసిన ఎంజైము. దానివల్ల చెప్పుకోదగిన ప్రయోజనం రుజువు కాకపోవడంతో 2011లో జపానులోనే తయారీదారు దానిని స్వచ్ఛందంగా ఉపసంహరించుకున్నాడు. మన మందుల దుకాణాలలో అది ఇంకా అమ్ముడవుతూనే ఉన్నది.

మూడు ద్వారాలు

ఈ రెండు శతాబ్దాల చరిత్రను ఒక్క మాటలో కూడదీస్తే, రోగాన్ని అడ్డగించడానికి మూడు ద్వారాలు ఉన్నాయని తేలుతుంది. బస్సీ చూపినది గది ద్వారం. పాశ్చర్ చూపినది తల్లి ద్వారం. హైదరాబాదు, లియాన్, కిరికెర శాస్త్రజ్ఞులు చూపినది కణ ద్వారం. ఒకటి తెలిసినంతమాత్రాన తక్కిన రెండింటినీ తెరచి ఉంచడానికి వీలులేదు. నాలుగు జన్యువులకు తాళం వేసిన పురుగుకైనా తెల్లబూజు సోకుతుంది, పెబ్రిన్ సోకుతుంది. టీకా వేయించుకున్న బిడ్డకు కూడా కాచిన నీరు, కడిగిన చేతులు అవసరమైనట్లే.

జన్యుమార్పిడి పురుగుల విషయంలో తొందరపాటు కూడా తగదు. 1989 నాటి పర్యావరణ నిబంధనల ప్రకారం ఇటువంటి జీవులు దశలవారీ పరీక్షలు దాటిన మీదటనే బయటికి రావాలి. పట్టుచిలుక ఎగరలేదు, మనిషి పోషణ లేకుండా బ్రతకలేదు కనుక అదుపు తప్పి వ్యాపిస్తుందన్న భయం తక్కువే. అయినా గూళ్లు ఉడికించిన తరువాత మిగిలే పురుగులు కోళ్ల దాణాగా, చేపల మేతగా మారుతున్న చోట, ఆ కోణాన్ని కూడా పరీక్షించి చూడడం న్యాయం.

చివరగా, పురుగు ఆరోగ్యం కోసం పాటుపడే మనిషి ఆరోగ్యం మాట. గదుల శుద్ధికి వాడే ఫార్మాలిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ మనుషులలో క్యాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. దానిని చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు. ఆవిరిని ఆపే మాస్కు, కళ్లద్దాలు, చేతితొడుగులు ధరించాలి. పిల్లలను, గర్భిణులను ఆ ఛాయలకు రానీయరాదు. గది తలుపులు పూర్తిగా తెరచి, వాసన పోయిన తరువాతనే లోపలికి వెళ్ళాలి. పురుగులను పెంచే గదిలో కుటుంబం నిద్రించడం మానుకోవాలి. దారం తీసే కేంద్రాలలో పనిచేసేవారికి పట్టు జిగురులోని, పురుగులోని ప్రోటీన్ల వల్ల ఉబ్బసం రావచ్చు. గుడ్ల కేంద్రాలలో చిలుకల రెక్కల పొలుసులు అదే పని చేస్తాయి. పనికి వెళ్ళిన రోజుల్లో దగ్గు, ఆయాసం పెరిగి, సెలవు రోజుల్లో తగ్గుతున్నట్లయితే అది వృత్తిసంబంధమైన ఉబ్బసమని అనుమానించి, మీ పని ఏమిటో వైద్యునికి తప్పక చెప్పండి. మీరు చెప్పనిదే ఆయన ఊహించలేరు.

పురుగుకు రోగం వస్తే తల్లిని పరీక్షించాం, గదిని కడిగాం, కణం దాకా వెళ్ళి కారణం వెదికాం. ఆ పురుగును సాకే తల్లుల ఊపిరితిత్తులకు, దారం తీసే చేతులకు కూడా అంతటి శ్రద్ధ దక్కినప్పుడే పట్టుపురుగు నేర్పిన వైద్యాన్ని మనం పూర్తిగా నేర్చుకున్నట్లు.